గ్రేటర్ హైదరాబాదు మేయరు ఎన్నికలో రాజకీయ పార్టీల పాత్ర

గ్రేటర్ హైదరాబాదు మహానగర పాలక సంస్థ మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకోరు. కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు సమావేశమై చేతులెత్తి ఎన్నుకుంటారు. అందువలన మేయరు ఎంపికలో ఓటరు కంటే పార్టీ అధిష్టానానిదే నిర్ణాయక పాత్ర.

నేపథ్యం

2002లో పూర్వపు హైదరాబాదు నగరపాలక సంస్థకు ప్రత్యక్ష ఎన్నిక జరుగగా, తెలుగుదేశం పార్టీకి చెందిన తీగల కృష్ణారెడ్డి మేయరయ్యాడు. 2007 ఏప్రిల్ 16న ఆ సంస్థలో ఉప్పల్ కలాన్, కాప్రా సహా 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు విలీనమై గ్రేటర్ హైదరాబాదు ఏర్పడింది. ఇందులో 150 వార్డులు ఉండేవి. ఉప్పల్, నాచారం, చర్లపల్లి వీటిలోనివే. ఈ సంస్థకు మేయరు ఎన్నిక పరోక్ష పద్ధతిలో జరిగింది.

ఎన్నికలు, పొత్తులు

2009 ఎన్నికలలో కాంగ్రెసు 52, తెలుగుదేశం 45, మజ్లిస్ 43 స్థానాలు గెలుచుకున్నాయి. ఎవరికీ ఆధిక్యత లేకపోవడంతో కాంగ్రెసు, మజ్లిస్ పదవీకాలాన్ని పంచుకున్నాయి. మొదట కాంగ్రెసుకు చెందిన బండ కార్తీకరెడ్డి, 2012 జనవరిలో మజ్లిస్‌కు చెందిన మాజిద్ హుస్సేన్ మేయరయ్యారు.

2016లో తెలంగాణ రాష్ట్ర సమితి 99 స్థానాలు సాధించగా, చర్లపల్లి కార్పొరేటరు బొంతు రామ్మోహన్‌ను పార్టీ ఎంపిక చేసింది. 2020 డిసెంబరు ఎన్నికలలో ఆ పార్టీ బలం 56కు తగ్గింది. భారతీయ జనతా పార్టీ 48, మజ్లిస్ 44, కాంగ్రెసు 2 స్థానాలు పొందాయి. 2021 ఫిబ్రవరి 11న మజ్లిస్ మద్దతుతో గద్వాల విజయలక్ష్మి మేయరుగా ఎన్నికైంది.

పార్టీ క్రమశిక్షణ

సాధారణంగా పార్టీ అధిష్టానం అభ్యర్థి పేరును చివరి వరకు గోప్యంగా ఉంచుతుంది. ఆ పేరుకు ఓటు వేయవలసిందిగా సభ్యులకు విప్ జారీ చేస్తుంది. విప్‌ను ధిక్కరించినవారు సభ్యత్వం కోల్పోయే అవకాశం ఉంది. అయితే ఎన్నిక ముగిసిన తరువాత మేయరుపై పార్టీ పట్టు సడలుతుంది. 2024 మార్చిలో విజయలక్ష్మి కాంగ్రెసులో చేరినా మేయరుగానే కొనసాగింది. మేయరును తొలగించడానికి అవిశ్వాస తీర్మానం నెగ్గవలసి ఉంటుంది.

జాతీయ స్థాయి

అఖిల భారత మేయర్ల మండలి పార్టీలకు అతీతమైన వేదిక. భారతీయ జనతా పార్టీ 2022 సెప్టెంబరులో గాంధీనగర్‌లో తన మేయర్లకు, ఉప మేయర్లకు ప్రత్యేక సదస్సు నిర్వహించింది. ప్రధాని నరేంద్ర మోదీ దానిని వీడియో ద్వారా ప్రారంభించాడు.

విస్తరణ

2025 డిసెంబరులో ఘట్‌కేసర్, పోచారం సహా 27 పట్టణ స్థానిక సంస్థలను గ్రేటర్ హైదరాబాదులో విలీనం చేసి, వార్డుల సంఖ్యను 300కు పెంచారు. దీనితో ఘట్‌కేసర్ ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండటం ముగిసింది.