నేటాలు దేశమున కాయగూరల అంగడి: తట్టనుండి దుకాణము వఱకు

వర్తకములన్నియు నొక్కతీరువి కావు. బంగారము నేడమ్ముడు పోకున్న రేపు పోవును. వస్త్రము ఈ యేటిది మఱుసటి యేటికిని నిలుచును. కాయగూరలును పండ్లును అట్టివి కావు. ఉదయమున రూపాయి వెలగల సరకు సాయంకాలమునకు అర్ధరూపాయి యగును. మఱునాటికి పశువుల పాలగును. ఇట్టి సరకును నమ్ముకొని యొక కుటుంబమును నిలుపుట కష్టము. నిలిపినదానిని తఱతరములకు అందించుట మఱింత కష్టము.

మన సంఘీయులలో చిల్లర వర్తకముచే జీవించువారనేకులు గలరు. వారిలో కొందఱు నేడు స్వంత అంగళ్లను కొనవలెనా, మానవలెనా యని విచారించుచున్నారు. వారికి ఉపయోగించునను తలంపుతో, దక్షిణాఫ్రికాలోని నేటాలు దేశమునకు కూలికై పోయిన మన ఆంధ్రులును, వారి తోడివారగు ద్రావిడులును, హిందూస్థానీలును కాయగూరల తట్టనుండి స్వతంత్రమగు అంగడి వఱకు ఎట్లు నడచిరో ఇందు సంగ్రహముగా విన్నవించుచున్నాను.

1860వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ట్రూరో యను నోడ చెన్నపురి రేవునుండి బయలుదేఱి నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరెను. అందు 342 మంది ప్రయాణికులుండిరి. నేటాలులోని తెల్ల దొరల చెఱకు తోటలలో పనిచేయుటకై ఒడంబడిక వ్రాసికొని పోయిన మొదటి హిందూదేశస్థులు వీరే. ఆ యొడంబడికను మనవారు గిరిమిటు అనిరి. 1860 మొదలు 1911 వఱకు ఇట్లు పోయినవారి సంఖ్య లక్షయేబదివేలకు మించినది. వారిలో మూడింట రెండు పాళ్లు చెన్నపురి మీదుగా పోయినవారే. విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తరార్కాడు జిల్లాల తెలుగువారు వారిలో పెక్కండ్రుండిరి.

గిరిమిటు గడువు అయిదేండ్లు. జీతము మొదటి సంవత్సరమున నెలకు పది షిల్లింగులు. పిమ్మట ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చును. తిండిగింజలును వసతియు దొర యిచ్చును. అనుమతిలేక తోట విడిచిన శిక్ష. అట్టి దాస్యమునుండి విడివడినవానికి చేతనున్న ధనమత్యల్పము. తెలిసిన విద్య వ్యవసాయమొక్కటియే. కావున వారు డర్బను పరిసరములందును, ఉంగేని నదీతీరమునను చిన్నచిన్న మళ్లు కౌలుకు దీసికొని కూరగాయలు పండింపసాగిరి. మిరప, వంగ, కరివేప మున్నగు మనదేశపు మొక్కలను అచట నాటిరి. ఆ దేశమునకు మామిడిని గొనిపోయినవారు హిందూదేశస్థులే యనియు, అచటి కూరలను సైతము వారు చౌకగా పండించి యిచ్చిరనియు మహాత్మాగాంధిగారు తమ యాత్మకథలో వ్రాసియున్నారు.

పండించుట యొక యెత్తు, అమ్ముట యొక యెత్తు. తెల్లవాఱక మునుపే ఆలుమగలు తట్టలు నెత్తిని బెట్టుకొని, లేదా కావడి భుజమున వేసికొని, మైళ్లకొలది నడచి పట్టణము చేరి తెల్లవారి యిండ్ల వాకిళ్లకు పోయి అమ్మెడివారు. ఇంటి గడపకు తాజాకూర చౌకగా వచ్చుటచే దొరసానులకు అది యెంతయో సౌకర్యముగా నుండెను. అయినను ఆ యమ్మువానిని వారు పేరుతో పిలువక "సామీ" యని యీసడింపుగా పిలిచెడివారు. రామసామి, కుప్పుసామి యను నామములలోని తుదిమాటయే అట్లు తిట్టుగా మాఱెను. సంస్కృతమున స్వామి యనగా యజమానుడని యర్థము గదా! అర్థమెఱుగని యా పిలుపులోనే సత్యము దాగియున్నది. ఏలయన, తట్ట మోసినవాడు క్రమముగా తన పనికి తానే యజమానుడగుచుండెను.

ఇదియే తెల్ల వర్తకులకు కంటగింపైనది. కూలి కూలిగా నున్నంతకాలము వారికి ఇష్టుడు. స్వతంత్రుడై పోటీకి నిలిచిననాడు శత్రువు. 1895లో నేటాలు ప్రభుత్వమువారు, గిరిమిటు ముగిసిన పిమ్మట స్వదేశమునకు మఱలిపోక, తిరిగి కూలికిని చేరక యుండువారు ఏటికి మూడు పౌనుల పన్ను చెల్లింపవలెనని చట్టము చేసిరి. మూడు పౌనులనగా అఱువది షిల్లింగులు. కూలివాని మొదటియేటి జీతములో ఆఱునెలల మొత్తము. స్వాతంత్ర్యమునకు విధించిన సుంకమే యిది! 1913లో వేలకొలది కూలీలు పనులు మాని సత్యాగ్రహము చేయగా, 1914లో నీ పన్ను రద్దయ్యెను.

రెండవ యడ్డంకి 1897వ సంవత్సరపు 18వ చట్టము. దానిననుసరించి ప్రతి యంగడివాడును ఏటేట లైసెన్సు పొందవలెను. ఇచ్చుటయు మానుటయు లైసెన్సు అధికారి యిష్టము. అతడు కాదన్నచో పట్టణసభకు మొఱ పెట్టుకొనవచ్చునుగాని, ఆ సభలోనివారు తఱచుగా పోటీవర్తకులే. వారి తీర్పుపై న్యాయస్థానమునకు పోవీలులేదు. మఱియు లెక్కల పుస్తకములు ఆంగ్లభాషలోనే యుండవలెనని నియమము.

ఇచట అంగడిని కొనుట యనగా నేమో విచారింపవలెను. కొనువానికి నిజముగా దొరకునదేమి? గోడలు అద్దెవి. త్రాసును బల్లలును అల్పపు వెలవి. సరకు రెండు దినములలో క్రుళ్లిపోవునది. కావున మిగులునవి మూడే: అమ్ముకొనుటకు అనుమతి, వాడుకగా వచ్చు కొనుగోలుదారులు, నమ్మి సరకిచ్చు తోటవారు. వీనిలో మొదటిది నేటాలులో సొమ్మునకు దొరకునది కాదు. ఒకరి యంగడిని మఱియొకరు కొన్నను, లైసెన్సు వాని పేరునకు మార్చుటకు అధికారి నిరాకరించిన ఆ కొనుగోలు వ్యర్థమే.

సోమనాథ మహారాజ్ అను నొకాయన కథ యిందులకు దృష్టాంతము. గిరిమిటు ముగించుకొని స్వతంత్రుడైన యీయన 1898లో డర్బనులో చిల్లర యంగడికి లైసెన్సు కోరెను. అధికారి నిరాకరించెను. గాంధిగారు ఆయన పక్షమున పట్టణసభ యెదుట వాదించిరి. సభవారు కారణమైనను తెలుపక త్రోసివేసిరి. తీర్పు విషయమున గాక విచారించిన తీరు విషయమున అత్యున్నత న్యాయస్థానమునకు పోగా, ఆ తీరు అన్యాయమని న్యాయమూర్తులు దానిని కొట్టివేసిరి. సభవారు మఱల విచారించి, ఆ వ్యాపారమునకు పట్టణమున చాలినన్ని యంగళ్లున్నవను కారణముతో మఱల త్రోసివేసిరి. 1909లో చట్టమును సవరించి, పాత లైసెన్సులను తిరిగి యిచ్చుట విషయమున మాత్రము న్యాయస్థానమునకు పోవు హక్కొసగిరి.

మన కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున, నిత్యము జనులకు కావలసిన సరకుల అమ్మకమునకు కాలవిలంబము కలిగింపరాదని పణ్యాధ్యక్షునకు విధించియున్నాడు. ఆ ప్రాచీనుని యెఱుక ఇరువదవ శతాబ్దపు పాలకులకు లేకపోవుట శోచనీయము.

అంగడికి ద్వారము మూసినను మనవారు సరకును మానలేదు. కూడి యమ్ముకొను చోటును సంపాదించిరి. 1890లో డర్బను గ్రే వీధిలోని మసీదు ధర్మకర్తలు తమ స్థలమున నొక సంత నేర్పఱచిరి. హిందువు, మహమ్మదీయుడను భేదము లేక తోటవారందఱు నచట అమ్ముకొనిరి. 1910లో పురపాలకసంఘమువారు విక్టోరియా వీధిలో హిందూదేశస్థులకై విపణిని తెఱచిరి. తోటవారు రాత్రివేళ సరకుతో వచ్చి వీధిలోనే కూర్చుండి తెల్లవాఱుజామున అమ్ముచుండిరి. చలికిని వానకును ఓర్చి యట్లు కూర్చున్నవారిలో స్త్రీలనేకులు. పెక్కేండ్లు మొఱపెట్టుకొనగా 1934లో వార్విక్కు ప్రాంతమున వారికి నీడగల విపణి యేర్పడెను. తట్టవాడు బల్లవాడయ్యెను, బల్లవారి బిడ్డలలో కొందఱు దుకాణదారులైరి.

ఈ మార్గము సుగమమైనది కాదు. 1917 అక్టోబరులో ఉంగేని నది పొంగి తీరమందలి తోటలను గుడిసెలను ఊడ్చుకొనిపోగా వందలకొలది జనులు మరణించిరి. మిగిలినవారు పెక్కండ్రు ఆ మళ్లనే మఱల దున్నుకొనిరి. 1950లో జాతులవారిగా నివాసస్థలములను విభజించు చట్టము వచ్చి, కేటో మానరు మున్నగు చోట్ల తోటలను అంగళ్లను విడిచి పోవలసినవారు వేలకొలది. ఆ చట్టము 1991లో గాని రద్దుకాలేదు. 1973లో విక్టోరియా వీధి విపణి అగ్నిచే దగ్ధమయ్యెను. తరువాత అచటనే క్రొత్తది వెలసినది. 2009లో వార్విక్కు విపణిని కూల్చి పెద్ద వాణిజ్యభవనము కట్టదలచిరి. వర్తకులందఱు నొక్కటై యెదిరింపగా ఆ యత్నము విరమింపబడెను.

నేటాలు తెలుగువారు 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొని బిడ్డలకు మాతృభాష నేర్పుటకు పూనుకొనిరి. కూరలమ్మి కూడబెట్టిన కాసులలో నొక భాగము బడికి పోవుటను ఉపాధ్యాయవృత్తిలో నెఱసిన నేను గౌరవముతో స్మరింపకుండజాలను.

ఇక మనకు దీనివలన తేలినదేమి? మొదటిది: వారు అంగడితో ప్రారంభింపలేదు, సరకుతో ప్రారంభించిరి. ఏ కూర యే దినమున వాడునో, ఏ వాకిట ఏది యమ్ముడగునో కాళ్లరుగునట్లు తిరిగి నేర్చిన పిదపనే అంగడి నాశించిరి. నేడు స్వంత యంగడి కొనదలచిన యువకుడు ముందుగా ఆ యంగడిలోనే కొన్ని నెలలు త్రాసు పట్టి చూచుట మేలు. రెండవది: లెక్క వ్రాయుట. అన్యభాషలో లెక్కలు చూపుమనగా నేటాలువారు కష్టపడియైనను చూపిరి. మాతృభాషలోనైనను చిట్టా వ్రాయనివాడు ఈ వర్తకమున నష్టమును క్రుళ్లిన బుట్టలో గాని కనుగొనడు. మూడవది: ఒంటరి యంగడి స్వతంత్రమైనదే కాని, ఒంటరి యంగడివాడు స్వతంత్రుడు కాడు. విపణిని తెచ్చినదియు, 1973 పిదపను 2009లోను దానిని నిలిపినదియు వారి కూడికయే.

మన ధనికులు వివాహములకును సత్రములకును ఉదారముగా నిచ్చుచున్నారు. కాయగూరల యంగడి కొననెంచు పేద యువకునకు న్యాయమగు వడ్డీతో కొంత పెట్టుబడి సమకూర్చు నిధి యొకటి ఈ మహాసభ తరఫున నేర్పడిన అంతకు మించిన దానము లేదని నా విన్నపము. గోడలను ఎవరైనను కొనగలరు. వాడుకదారు నమ్మకమును దినదినము సంపాదించుకొనవలసినదే. తట్ట మోసిన యా పూర్వులు దానినే మనకు చూపిరి.