పుల్లరి, పోడు, రిజర్వు: ఆంధ్రదేశమున అడవుల రక్షణ చరిత్ర

అడవులను రక్షించుట యను మాటకు మన దేశచరిత్రలో రెండర్థములు గలవు. చెట్టును గొడ్డలినుండి కాపాడుట యొకటి. చెట్టు ఎవరిదో తేల్చి, తక్కినవారిని వెలుపల నిలుపుట రెండవది. ఆంధ్రదేశమున ఈ రెండవ యర్థమే ముందు నడచినదని మా యభిప్రాయము.

1856లో హ్యూ క్లెగ్‌హార్న్ అను వైద్యుడు మద్రాసు రాజధానికి అడవుల కన్సర్వేటరుగా నియమింపబడెను. ఆనాడు రైలుమార్గములకు స్లీపరు దుంగలు, ఇంజనులకు కట్టెలు, ఓడలకు టేకు విరివిగా కావలసియుండెను. ఆయన ఆందోళన కపటమని చెప్పజాలము. ఉష్ణమండలపు అడవుల నాశనమువలన కలుగు హానిని గూర్చి 1851లోనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సభకు నివేదిక సమర్పించినవారిలో ఆయన యొకడు. రైల్వేల వాడుకయు ఆయన దృష్టిని దాటిపోలేదు. కాని 1860లో నిషేధము వచ్చినది మాత్రము కొండవారి పోడుమీదనే.

1878 నాటి భారత అటవీ చట్టము మద్రాసు రాజధానికి వర్తింపలేదన్న సంగతిని పలువురు మరచుచుందురు. ఇచ్చటి రెవెన్యూ బోర్డువారు, ఊరి పొలిమేరలోని అడవిపై గ్రామస్థులకు తరతరములుగా హక్కులు గలవనియు, ప్రభుత్వమునకు దానిపై సంపూర్ణ స్వామ్యము లేదనియు వాదించిరి. ఇట్లు వాదించినవారు విప్లవకారులు కారు, పన్నులు వసూలుచేయు అధికారులు! వారి మాట నిలువలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. నాటినుండి 'రిజర్వు' అను పదము అనువాద మక్కరలేకయే మన పల్లెల నోట స్థిరపడినది. గీత దాటి మేసిన గొడ్డు బందెలదొడ్డికి పోయెడిది. మేపుకొనుటకు పుల్లరి చెల్లింపవలసి వచ్చెడిది.

ఆ పుల్లరియే 1921లో పల్నాటిని కదలించెను. వాన తక్కువైన ఆ సీమలో పశువులకు అడవియే ఆధారము. రైతులు పుల్లరి చెల్లింప నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను. ఈ యుద్యమ సందర్భముననే చెరసాలకేగిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు అచ్చటనే 'మాలపల్లి'ని రచించిరి. మన విద్యార్థులు నవలను చదువుదురు గాని, ఆయనను జైలుకు పంపిన పుల్లరిని తలపరు. ఆ యేటనే ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో మన్యమున అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలయ్యెను. పోడుపై నిర్బంధము దాని కారణములలో నొకటి.

రిజర్వు గీతలే లేకున్నచో నేటి అడవియు మిగిలెడిది కాదనువారు గలరు. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. అయితే స్వాతంత్ర్యానంతరము ఆ గీతల లోపలనే సహజారణ్యమును కొట్టించి టేకు, జామాయిలు తోటలు పెంచినది ప్రభుత్వమే గదా.

1988 నాటి జాతీయ అటవీ విధానముతో గాలి కొంత మారినది. 1992లో ఆంధ్రప్రదేశమున వనసంరక్షణ సమితుల కుత్తరువులు వెలువడెను. ఈ సమితుల యనుభవమున పునరుద్ధరణ యనగా కేవలము మొక్కలు నాటుట కాదని తేలినది. వేరు బ్రతికియున్న మోడు, గొడ్డలియు నిప్పును మేతయు తొలగినచో, తనంత తానే చిగురించును. కాని కొన్నిచోట్ల సమితుల పేరిటనే పోడుభూములను గిరిజనులనుండి తీసికొని మొక్కలు నాటిరి. సమితి ఉత్తరువుతో పుట్టినది, ఉత్తరువుతోనే పోగలదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అట్టిది కాదు. తాము తరతరములుగా కాపాడుకొను అడవిని రక్షించుకొనుటకును, పునరుద్ధరించుకొనుటకును అది గ్రామసమాజమునకే హక్కు నిచ్చినది. అడవిలో నివసించువారికి చారిత్రకమైన అన్యాయము జరిగినదని ఆ చట్టపు పీఠికయే అంగీకరించుచున్నది. రెవెన్యూ బోర్డు వాదము వీగిపోయిన 1882 నుండి ఈ అంగీకారమునకు 124 సంవత్సరములు పట్టినవి.