ఏలూరి సీమ – మిత్రుల లేఖలు (1758–59)

క్రీ. శ. 1759 ఫిబ్రవరి 6వ తేదీన కర్నల్ ఫోర్డు నడపిన ఆంగ్లసేన ఏలూరు చేరెను. మార్చి 1వ తేదీవఱకు నది యచ్చటనే విడిసియుండెను. చందుర్తి జయమునకును, మచిలీపట్టణపు కోట ముట్టడికిని నడుమ వచ్చిన యీ మజిలీని చరిత్రకారులు రెండు మూడు వాక్యములలో దాటిపోవుదురు. ఆ దినములలో చెప్పుకొనదగిన పోరేమియు నేలూర జరుగలేదు. ఫోర్డు తన మిత్రుడగు విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతిరాజు రాకకై వేచియుండెను. రాజు త్రోవపొడుగునను కప్పములు గూర్చుకొనుచు మెల్లగా వచ్చుచుండెను. ఓర్మ్ మొదలగు నాంగ్లేయ రచయితలు దీనిని రాజు ధనాశకును చాంచల్యమునకును తార్కాణముగా జూపిరి. తరువాతివా రా మాటనే యనుసరించిరి.

ఈ యాలస్యమునకు మూలము రాజు స్వభావమున గాక, మిత్రులు పరస్పరము వ్రాసికొనిన పత్రములందే యున్నదని మా యభిప్రాయము. ఆ పత్రములను కాలక్రమమున నొకదాని ప్రక్క నొకటి యుంచి చూచినచో, ఆఱునెలల కాలములో ఏలూరి సర్కారు కాగితముపై ఎన్ని చేతులు మారెనో తేటపడును. ఈ వ్యాసమున మేము చేయదలచిన పని యంతమాత్రమే.

పూర్వరంగము

1753లో దక్కను సుబేదారగు సలాబత్ జంగు, బుస్సీ సైన్యపోషణార్థము శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము సర్కారులను ఫ్రెంచివారికి సనదు మూలమున నొసగెను. ముస్తఫానగరమన కొండపల్లి సర్కారు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధము తెలుగువారికి సుపరిచితము. అది జనుల నోట కథయై నిలిచినది; దిట్టకవి నారాయణకవి చేతిలో రంగరాయచరిత్రమై ప్రబంధమున కెక్కినది. ఆ పోరులో బుస్సీకి తోడ్పడిన పూసపాటి విజయరామరాజు తాండ్ర పాపయ్య చేత హతుడు గాగా, ఆనందరాజు గద్దె నెక్కెను. బుస్సీ చేసిన యేర్పాటులు క్రొత్త ప్రభువునకు రుచింపలేదు. 1758లో లాలీ, బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొని, సర్కారులను కాన్‌ఫ్లాన్సు వశము చేయించెను. ఆనందరాజు కాచుకొనియున్న యదను వచ్చినది. 1758 సెప్టెంబరులో నతడు విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి లాగికొని, సాయము కోరుచు నాంగ్లేయులకు వ్రాసెను.

చెన్నపట్టణమువా రప్పుడు లాలీ ముట్టడి నెదుర్కొన సిద్ధపడుచుండిరి గాన, వారివలన ఫలము లేకపోయెను. రాజు లేఖ కలకత్తా చేరగా, క్లైవు తన సభలోని పలువురు వలదన్నను ఫోర్డును సముద్రమార్గమున బంపెను. అక్టోబరు 20న ఫోర్డు విశాఖపట్టణమున దిగెను. అతనితో వచ్చినవారు సుమారు ఐదువందల మంది ఐరోపీయులు, రెండువేల సిపాయీలు. రాజు కోరినది తన సీమకు రక్ష, తన పూర్వుల ప్రతిష్ఠకు వృద్ధి. క్లైవు కోరినది చెన్నపట్టణము మీది యొత్తిడి తగ్గుటయు, ఫ్రెంచివారి ధనమూలము తెగుటయు. మాట ‘సహాయ’మనునది యొక్కటే, దాని యర్థములు మొదటినుండియు రెండు.

ఐరోపా మిత్రులతో పోలిక

ఆ కాలముననే ఐరోపాలో సప్తవర్ష సంగ్రామము సాగుచుండెను. 1758 ఏప్రిల్ 11న లండనులో ఇంగ్లండు ప్రష్యాలు చేసికొనిన యొడంబడికలో రెండంశములు ముఖ్యములు. ఇంగ్లండు ఏటికి 6,70,000 పౌనులు ఫ్రెడరిక్కున కీయవలెను. ఇరువురిలో నెవరును రెండవవాని సమ్మతి లేక విడిగా సంధి చేసికొనరాదు. ఆనందరాజుతో ఫోర్డు చేసికొనిన మొదటి యొడంబడికను దీనిప్రక్క బెట్టి చూచిన, సమ్మతిని గూర్చిన షరతు రెంటను గలదు. ధనమును గూర్చిన షరతు మాత్రము తలక్రిందులైనది. ప్రష్యా పట్ల నింగ్లండు సొమ్మిచ్చు మిత్రుడు. విజయనగరము పట్ల నాంగ్లేయుల కుంపిణీ సొమ్ము పుచ్చుకొను మిత్రుడు. అచ్చట ధనము గలవాడు సైన్యము గలవానిని పోషించెను. ఇచ్చట రాజు సైన్యమును దెచ్చెను, ధనమునుగూడ దేవలసి వచ్చెను. ఈ భేదము తెలిసినగాని తరువాతి లేఖల ధోరణి బోధపడదు.

మొదటి యొడంబడిక

చందుర్తి యుద్ధమునకు ముందే, కశింకోట ప్రాంతమున నిరుసేనలును గలిసికొన్న పిమ్మట కుదిరిన షరతుల సారాంశ మిది. కొల్లసొమ్ము సమభాగములుగా బంచుకొనవలెను. జయించిన దేశమంతయు రాజు వశము గావలెను. దాని శిస్తులు రాజే వసూలు చేసికొనవలెను. సముద్రతీరపు రేవులును, నదీముఖములందలి పట్టణములును, వానికి జేరిన భూముల రాబడియు కుంపిణీవి. ఇరువురి సమ్మతి లేక యే భాగమును గూర్చియు నితరులతో నొడంబడిక చేసికొనరాదు. సేన ఖర్చులకై రాజు నెలకు 50,000 రూపాయలును, అధికారుల బత్తెమునకై 6,000 రూపాయలును ఈయవలెను.

ఈ పత్రము ప్రకారము తీరభూములు తప్ప ఏలూరి సీమ గెలిచినచో నది యంతయు ఆనందరాజుదే. కాని నెలకు 56,000 రూపాయలెచ్చటనుండి రావలెను? గెలువబోవు భూముల శిస్తునుండియే. అనగా సేన ముందునకు నడచినగాని రాజునకు సొమ్ము లేదు. సొమ్ము లేనిది సేన నడువదు. ఈ చిక్కుముడి యొడంబడికలోనే పుట్టినది.

డిసెంబరులో చందుర్తియొద్ద కాన్‌ఫ్లాన్సు ఓడెను. ఆంగ్లేయులు రాజమహేంద్రవరమును బట్టుకొనిరి. వెంటనే ధనముగూర్చి తగవు పుట్టెను. రాజు సొమ్మీయకుండుటచే ఫోర్డు గోదావరి దాటి పెద్దాపురము వైపునకు మరలెను. అది విని భయపడి రాజు కొండలకు దొలగెను. విశాఖపట్టణమునుండి ఆండ్రూసు వచ్చి యిరువురికి సంధి గూర్పవలసి వచ్చెను. గెలిచిన సేన యేబది దినములు కదలక నిలిచినది. ఓడిన కాన్‌ఫ్లాన్సునకు మచిలీపట్టణము సరిదిద్దుకొన నవకాశము దొరకినది.

రెండవ పత్రము – ఏలూరి మజిలీ

ఆండ్రూసు కూర్చిన క్రొత్త యేర్పాటులో రాజిచ్చు సొమ్ము అప్పుగా నెంచబడెను. దానికి బదులుగా, గోదావరికి దక్షిణమున జయింపబడు దేశపు రాబడి, కొన్ని మినహాయింపులతో, రాజునకును కుంపిణీకిని సమభాగములుగా జెందవలెనని వ్రాసికొనిరి. మొదటి పత్రమున రాజునకు పూర్ణముగా జెందిన ఏలూరి సీమలో నిప్పుడు సగము పోయినది. ఆ సగము నెలసరి భారము తొలగుటకై యతడు చెల్లించిన మూల్యము.

జనవరి 28న సేన మరల గదలెను. రాజమహేంద్రవరమునుండి ఏలూరి వఱకు గల నేల, నేటి తాడేపల్లిగూడెము పరిసరములలో వలె, మెట్టయు పల్లమును గలిసిన సంధిభూమి. ధవళేశ్వరపు ఆనకట్ట నిర్మాణము 1847లో మొదలై 1852లో ముగిసినది. అంతకు పూర్వ మీ పల్లపుభూములు వానలను, నదీప్రవాహములను నమ్ముకొన్నవే. పైరు కోతలు ముగిసి, ధాన్యము కళ్లములనుండి యిండ్లకు జేరిన పిదప వచ్చు మాసములు మాఘఫాల్గునములు. శిస్తు వసూలునకు తగిన యదను అదియే. ఆ యదనున రాజు దారిలోని జమీందారులవద్ద నాగి నాగి కప్పములు గొనుట ధనాశయే కావచ్చును. కాని యా ధనము లేక అప్పు తీరు మార్గమేది? ఒప్పందము తనకు జూపిన యొకే యాదాయమును అతడు వెదకికొనెను. ఫోర్డునకు మాత్రము ప్రతిదినము నొక నష్టము. ఇరువురును పత్రమునకు కట్టుబడియే వర్తించుచుండిరి. ఆ పత్రమే యొకనిని వడిగా నడువుమనుచు, రెండవవానిని మెల్లగా నడువుమనుచుండెను.

ఏలూరు మజిలీగా నేర్పడుటకు నైసర్గిక కారణమును గలదు. ఏలూరికిని మచిలీపట్టణమునకును నడుమ కొల్లేరు పఱచుకొనియున్నది. తమ్మిలేరు, బుడమేరు మున్నగు వాగులు దానిలో గలియును; ఉప్పుటేరు దాని నీటిని కడలికి గొనిపోవును. వేసవి సమీపించుకొలది సరస్సు కుంచించుకొనిపోవును. తూర్పున నరసాపురము ఫ్రెంచివారి చేతనున్నంతకాలము సేన పార్శ్వము సురక్షితము గాదు. కనుక ఫోర్డు ఏలూరినుండి కాప్టెన్ నాక్సును నరసాపురమునకు బంపెను. ఫ్రెంచివారు దానిని విడిచిపోయిరి. అచ్చటి జమీందారు ఆంగ్లేయుల పక్షము జేరెను. అతనికి బోయిన వర్తమానములో నొకచేత మైత్రియు, మఱొకచేత సీమ కొల్లగొట్టబడునను బెదిరింపును గలవు. ఆనందరాజు, నరసాపురపు జమీందారు ఒకే శిబిరమున మిత్రులే; ఒకడు షరతులు వ్రాసికొని వచ్చినవాడు, ఒకడు షరతులు విని వచ్చినవాడు.

మార్చి 1న సేన ఏలూరు విడిచి, కొల్లేటి ప్రాంతమున ఫ్రెంచివారు కావలియుంచిన యొక చిన్నకోటను బట్టి, 6వ తేదీన మచిలీపట్టణము ముందర విడిసెను.

బెజవాడనుండి వచ్చిన యాజ్ఞ

కాన్‌ఫ్లాన్సు మొరలు విని సలాబత్ జంగు హైదరాబాదునుండి కదలి మార్చి కడపట బెజవాడ చేరెను. ఆంగ్లేయులను విడిచి, సామంతధర్మము ననుసరించి తన జెండా క్రిందకు రావలసినదని ఆనందరాజున కాజ్ఞాపత్రము పంపెను. ఆ రాత్రియే రాజు సేనతో బయలుదేరి తెల్లవాఱులోగా 16 మైళ్లు పోయెను. ఓర్మ్ ఈ వేగమును హేళనగా వర్ణించెను.

ఈ పలాయనమును పిఱికితనమనుటకు ముందు, రాజు స్థితి నించుక యూహింపవలెను. ఆంగ్లేయులకు సలాబత్ జంగు పొరుగు ప్రభువు మాత్రమే. ఆనందరాజునకు మొగలు వ్యవస్థ ననుసరించి పేష్కషు చెల్లింపదగిన సుబేదారు. ఒక పత్రము మిత్రునిగా నుండుమని, మఱొక పత్రము సామంతునిగా రమ్మని పిలిచినవి. ఫోర్డు వెనువెంటనే పంపిన వర్తమానమున నీతిబోధ లేదు; లెక్క గలదు. ఒక దిక్కున సుబేదారుని గుఱ్ఱపుదళము, మఱొక దిక్కున ఫ్రెంచివారి రెండవ సేన. ఈ నడుమ తప్పించుకొనుట కల్ల, మాతో నున్నచో తిరోగమనమైనను నిశ్చయము – ఇది దాని తాత్పర్యము. రాజు మరలి వచ్చెను.

ఇక్కడ గమనింపదగిన సంగతి యొకటి గలదు. రాజును నిలిపిన కొలది దినములకే ఫోర్డు జాన్‌స్టన్ అను నుద్యోగిని సలాబత్ జంగు శిబిరమునకు రాయబారిగా బంపెను. ముట్టడిలోనున్న సేనకు ధనము లేదు, వెనుకదారి భద్రముగా లేదు, సైనికులు కొల్లసొమ్మునకై తిరుగబడియుండిరి. అట్టి స్థితిలో సుబేదారుని బెజవాడయం దాపుట అత్యవసరము. ఆ యవసరమును మేము కాదనము. అయినను శత్రుపక్షముతో రాయబారము నడపుట రాజు చేసినపుడు చాంచల్యము, ఫోర్డు చేసినపుడు చాతుర్యమని వ్రాయుట సమదృష్టి కాదు.

ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఫోర్డు కోటమీద లగ్గకు దిగెను. ఆనందరాజు సైన్యము ద్వారమువైపున సందడిచేసి శత్రువుల దృష్టి మరల్చినది. తెల్లవాఱునప్పటికి కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను.

మే 14 నాటి పత్రము

కోట పడిన తరువాత ఆనందరాజు తన దేశమునకు మరలెను. ఫోర్డు సలాబత్ జంగుతో మాటలు నడపెను. తమ్ముడగు నిజాం ఆలీ హైదరాబాదు వైపునకు వచ్చుచుండుటచే సుబేదారునకు తొందర గలిగెను. 1759 మే 14న నొడంబడిక ముగిసెను. మచిలీపట్టణపు సర్కారు, నిజాంపట్టణపు సర్కారు, కొండవీడు మొదలగు ప్రదేశములు కుంపిణీకి ఇనాముగా వచ్చినవి. ఫ్రెంచివారిని కృష్ణ కావలకు బంపి, మరల స్థావర మేర్పఱచుకొననీయనని సుబేదారు మాట యిచ్చెను. ఏలూరు, రాజమహేంద్రవరము సర్కారుల పేరు కుంపిణీ భాగమున లేదు. అవి సుబేదారుని సర్కారులుగనే మిగిలినవి.

ఆనందరాజును గూర్చి యందొక షరతు గలదు. ఫ్రెంచివారి సర్కారులలో నతడు వసూలు చేసిన దానికిగాని, ఆ యేటి తన సీమ రాబడికిగాని లెక్క యడుగరు. ఇకమీదట ఫ్రెంచివారికి పూర్వము తన తండ్రితాతలు చెల్లించిన చొప్పున నతడు చెల్లింపవలెను. ఒప్పుకొననిచో సుబేదారు తన యిష్టానుసారము చేయవచ్చును. దీనిని రాజునకు గలిగిన రక్షణగా జెప్పువారు గలరు. ఒకయేటి రక్షణ యగుట నిజము. కాని మొదటి యొడంబడికలో జయించిన దేశమునకు బ్రభువుగా వ్రాయబడినవాడు, ఈ పత్రమున వెనుకటి వసూళ్లకు క్షమ పొందిన పేష్కషుదారుగా గనబడుచున్నాడు. ఉభయుల సమ్మతి లేక యొడంబడిక చేసికొనరాదన్న షరతునకు నిం దెట్టి స్థానమును లేదు.

1753లో ఫ్రెంచివారిది, 1758లో పూర్తిగా రాజుది, కొలది వారములలో సగము రాజుది, సగము కుంపిణీది, 1759 మే నాటికి మరల సుబేదారుది. ఇది కాగితములపై ఏలూరి సీమ చరిత్ర. ఇన్ని మార్పులలోను ఆ సీమ రైతును, కరణమును, చిన్న జమీందారును అడిగినవారు లేరు; వసూలునకు వచ్చినవారు మాత్రము ప్రతిమారును గలరు.

ఉపసంహారము

1760లో ఆనందరాజు మరల దక్షిణమునకు బయలుదేరి రాజమహేంద్రవరమున మశూచికముచే మరణించెను. అటుపిమ్మట సలాబత్ జంగు తమ్మునిచే పదభ్రష్టుడై చెరబట్టబడెను. 1763 ఫిబ్రవరి 10 నాటి పారిసు సంధిలో మాత్రము ఇంగ్లండు ఫ్రాన్సులు అతనిని దక్కనునకు న్యాయమైన సుబేదారుగా నంగీకరించినవి! ఐరోపా రాజస్థానముల కాగితములకును, మన నేలమీది వాస్తవమునకును గల దూరమున కింతకంటె నిదర్శనము వలదు. ఫ్రెడరిక్కును తన మిత్రుడు 1762లో సొమ్మాపి విడనాడెనని వాపోయెను. ఆ మొర ఐరోపా చరిత్రలందు విస్తారముగా జర్చింపబడినది. ఆనందరాజు మొర మన గ్రంథములలో నొక పరిహాసవాక్యముగా మిగిలినది. సర్కారులు కుంపిణీ యధికారమున బడుట 1765 నాటి ఫర్మానాతోను, 1766 నాటి నిజాం ఆలీ యొడంబడికతోను స్థిరపడెను.

ఆనందరాజు నిర్దోషి యని మేము వాదించుట లేదు. లోభమును భయమును అతనియందు గలవు. తగువేళ సొమ్మీయకుండుటయు నిజము. మా మనవి యింతే: మిత్రులలో నొకని వ్రాతనుబట్టి రెండవవాని శీలమును నిర్ణయింపరాదు. పరిశోధకులు ఒడంబడికలలోని షరతులను, ఆయా ఋతువులలో శిస్తు వసూలగు తీరును, సేన నడచిన త్రోవలను కలిపి చదువవలెను. మెకంజీ సేకరింపించిన కైఫీయతులలో ఈ సీమ గ్రామముల పూర్వోత్తరములను గూడ నీ దృష్టితో బరిశీలించినచో, రాజుల లేఖలు పేర్కొనని జనుల మాట కొంతయైన వినబడవచ్చును. ఏలూరి మజిలీ వట్టి కాలయాపనము గాదు. మూడు పక్షములు ఒకే పొలపు పంటకు మూడు పత్రములు పట్టుకొని వచ్చిన కాలమది.