సాల్టన్ సీ అస్తమయం

దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో, సముద్రమట్టానికి దాదాపు 70 మీటర్లు దిగువన ఒక పెద్ద ఉప్పు సరస్సు ఉంది. పేరు సాల్టన్ సీ. ఒకప్పుడు వారాంతం వచ్చిందంటే దాని ఒడ్డంతా పడవలూ జనమూ. ఇప్పుడు తూర్పు తీరం వెంట 111 నంబరు రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంటే, నీళ్లు కనబడకముందే వాసన ముక్కుకు తగులుతుంది.

గుడారం, వంట సామాను సైకిళ్లకు కట్టుకుని నేనూ నా మిత్రుడూ చలికాలంలో ఆ దారిన వెళ్లాం. ఎడారిలో సైకిల్ యాత్రకు అదే అదను. మెక్కా ఊరి ఖర్జూర తోటలు దాటాక నీడ అన్నదే లేదు. ఒక పక్క బూడిద రంగు నీళ్లు, ఇంకో పక్క రైలు పట్టాలు, వాటి వెనక బోడికొండలు. ఒకచోట మిత్రుడి వెనక టైరు గాలి పోయింది. ట్యూబు విప్పి, టైరు లోపల వేలితో తడిమి, ఒక ముల్లు పీకి నా అరచేతిలో పెట్టాడు. "ఒరేయ్, ఇది పల్లేరు కాయ రా!" నిజంగా పల్లేరే. మన చేలగట్ల మీద కాళ్లకు గుచ్చుకునేదే. అక్కడి సైకిలువాళ్లకు దానంత శత్రువు లేదు.

ఆ సరస్సు పుట్టింది మనుషుల తొందరలోంచి. 1901లో కాలిఫోర్నియా డెవలప్‌మెంట్ కంపెనీ కొలరాడో నది నుంచి కాలువ తవ్వి, ఆ ఎడారి పల్లానికి ఇంపీరియల్ వ్యాలీ అన్న పెద్ద పేరు పెట్టి రైతులను దింపింది. కొలరాడో నీళ్లలో ఒండ్రు జాస్తి. మూడేళ్లకే కాలువ పూడిపోయింది. పంటలు ఎండుతున్నాయని రైతులు గోల పెడితే, 1904లో మెక్సికో వైపు నది గట్టుకు కొత్త గండి కొట్టారు. దానికి తలుపులు పెట్టలేదు. 1905లో వరద మీద వరద వచ్చి, నది నదంతా ఆ గండిలోంచి పల్లంలోకి తిరిగిపోయింది. అక్కడున్న ఉప్పు కర్మాగారం మునిగింది. టోరెస్ మార్టినెజ్ తెగవారి వేల ఎకరాల భూమి మునిగింది. సదరన్ పసిఫిక్ రైల్వే వ్యాగన్ల కొద్దీ బండరాళ్లు దొర్లించి, 1907 ఫిబ్రవరిలో గానీ గండి పూడ్చలేకపోయింది.

కొలరాడో దారి తప్పి ఆ పల్లాన్ని నింపడం అదే మొదటిసారి కాదు. పడమటి కొండవాలులో, ఇప్పటి నీటిమట్టానికి ఎంతో ఎత్తున, కహుయా తెగవారు చేపలు పట్టడానికి పేర్చిన రాళ్ల మావులు నేటికీ ఉన్నాయి. పూర్వం నిండిన ప్రతిసారీ ఆ సరస్సు కాలక్రమాన ఎండిపోయింది. ఈసారి ఎండిపోకుండా పొలాల మురుగునీరు దాన్ని నిలబెట్టింది.

1950లలో గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియా నుంచి కొర్వినా చేపలు తెచ్చి వదిలారు. చేపలతో పాటు జాలర్లు, వాళ్ల వెనక మోటారు పడవలు, వాటి వెనక రియల్ ఎస్టేట్ వచ్చాయి. 1958లో సాల్టన్ సిటీ ప్లాట్లు అమ్మకానికి పెట్టారు. 1959లో నార్త్ షోర్‌లో ఆల్బర్ట్ ఫ్రే గీసిన నమూనాతో యాట్ క్లబ్ కట్టారు. ఆ వైభవం ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. 1976లో, 1977లో వరుసగా వచ్చిన తుపాన్లకు ఒడ్డు ఊళ్లు మునిగాయి. బయటికి పోయే దారి లేని నీరు కనుక ఏటేటా ఉప్పు పేరుకుంది, ఎరువులు పేరుకున్నాయి. 1996లో బొటులిజం సోకి గూడబాతులు వేలకొద్దీ చచ్చాయి. 1999 ఆగస్టులో నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి సుమారు 76 లక్షల తిలాపియా చేపలు తేలాయి.

సాయంత్రం మేం గుడారం వేసిన ఒడ్డున అడుగు తీసి అడుగు వేస్తే కరకరమంది. ఇసుక అనుకున్నదంతా బార్నకిల్ పెంకులు, వాటి మధ్య చేప ముళ్లు, గుండ్రటి వెన్నుపూసలు. వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యాయి. మిత్రుడిది కైకలూరు. ఆటపాకలో గూడబాతులను చూస్తూ పెరిగినవాడు. ఆ ఒడ్డున ఒక్కటైనా కనబడుతుందేమోనని చీకటిపడేదాకా చూశాడు. "మా కొల్లేట్లో నీళ్లుండే చోట గట్లు వేసి చేపల చెరువులు చేశారు. ఇక్కడ అసలు నీళ్లే రాకుండా చేశారు కదరా," అన్నాడు. అతని మాట నిజం. 2003లో కుదిరిన ఒక ఒప్పందం ప్రకారం ఇంపీరియల్ వ్యాలీ నీళ్లలో కొంత శాన్ డియెగోకు అమ్మారు. పొలాలకు నీరు తగ్గితే సరస్సుకు వచ్చే మురుగునీరూ తగ్గుతుంది. ఆ లోటుకు పరిహారంగా కొన్నేళ్లు నీరు వదిలి, 2017 ఆఖరుతో అదీ ఆపేశారు. ఇప్పుడు అందులో ఉప్పు మహాసముద్రం కంటే దాదాపు రెట్టింపు. కొర్వినా ఎప్పుడో పోయింది. చేపలు కరువైన చోటికి గూడబాతు ఎందుకు వస్తుంది?

నీరు వెనక్కి పోయిన కొద్దీ అడుగు బయటపడుతోంది. శతాబ్దం పాటు అందులో చేరిన పురుగుమందులు, ఆర్సెనిక్ సన్నటి దుమ్మై గాలికి లేస్తున్నాయి. ఆ గాలి పీల్చేది మెక్కాలో, నార్త్ షోర్‌లో, దక్షిణాన ఇంపీరియల్ కౌంటీలో కూలికి పోయే కుటుంబాలు. అక్కడి పిల్లల్లో ఉబ్బసం ఎక్కువ. యాట్ క్లబ్‌కు వచ్చిన వాళ్లెవరూ ఇప్పుడు అక్కడ లేరు. 2021లో ప్రభుత్వం దక్షిణ తీరాన చేపలకు, పక్షులకు చెరువులు కట్టించడం మొదలుపెట్టింది. మంచి పనే, కానీ ఆలస్యంగా మొదలైంది, బయటపడ్డ నేలతో పోలిస్తే చిన్నది.

దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్లు ఒక చలికాలం అటు వెళ్లి ఆ ఒడ్డున నిలబడి చూడండి. శాన్ డియెగోలో ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా. మీ ఇంటి కుళాయిలో వచ్చే నీళ్లలో కొంత, ఆ పొలాల మీదుగా ఆ సరస్సుకు చేరవలసినది.