చుక్కాని సేవకుడు

లాటిను భాషలో ‘సెర్వస్’ అనగా సేవకుడు. ఓడ చుక్కానిని ఆవిరిబలముతో త్రిప్పు యంత్రమును ఫ్రెంచి ఇంజనీరు ఫార్కో 1873లో ప్రచురించిన గ్రంథమున ‘సర్వో మోటారు’ అను పేరుతో వర్ణించెను. ఆజ్ఞకును చుక్కాని స్థితికిని గల భేదము తొలగువరకు త్రిప్పుటయే దాని ధర్మము. నేటి నమూనా విమానముల సర్వోలలో విద్యున్మోటారు ఇదే పనిని చేయుచున్నది.

తొలినాటి రేడియో నమూనాలలో మెలిపెట్టిన రబ్బరే చుక్కానిని త్రిప్పెడిది. పెట్రోలు ఇంజనుగల పెద్ద విమానములకు ఆ బలము చాలదు. వేగము రెట్టింపైనచో చుక్కానిపై గాలిబలము నాలుగు రెట్లగును. వేగము మారకున్నను, చుక్కాని పొడవు వెడల్పులు రెట్టింపైనచో దానిని త్రిప్పుటకు ఎనిమిది రెట్ల భ్రామకము కావలెను.

కావున గరివిడి మైదానమున అట్టి విమానము నెగురవేయగోరు విద్యార్థి, గరిష్ఠవేగమును చుక్కాని కొలతలను లెక్కించియే సర్వోను ఎన్నుకొనవలెను. సేవకుడు బలహీనుడైనచో, ఆజ్ఞ అందినను విమానము నేలకూలును.