1952 హైదరాబాదు ఎన్నికలు – మనం గ్రహించవలసినది

నేటి మన పిల్లలకు నైజాం పేరు తెలుసు, చార్మినార్ తెలుసు. కాని హైదరాబాదు రాష్ట్రానికంటూ ఒక శాసనసభ వుండేదని, దానికి ప్రజలే ఓట్లు వేశారని చాలామందికి తెలియదు. ఆ సంగతి నాలుగు మాటల్లో మనవి చేస్తాము.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నైజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయినవి. కొలువులు పోయి, ఆధారం పోయి మనవారిలో ఎందరో దిక్కుతోచక వుండిపోయారు. మజ్లిస్ అప్పుడు రంగంలో లేదు. అది తిరిగి మొదలైనది 1950ల చివరనే. ఇక మన తరపున మాట్లాడేదెవరు అన్న బెంగ ఇంటింటా వుండేది. అలాంటి రోజుల్లో మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి.

బ్రిటిషు ఇండియాలో మతాల వారీగా వేరు నియోజకవర్గాలు వుండేవి. రాజ్యాంగంలోని 325వ అధికరణం ఆ పద్ధతిని తీసివేసి, అందరికీ ఒకే ఓటర్ల జాబితా అన్నది. 21 ఏళ్ళు నిండిన ప్రతివారికీ ఓటు. నవాబుకూ ఒక్కటే, జట్కా తోలేవానికీ ఒక్కటే! చదువురానివారి కోసం ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో డబ్బా పెట్టారు. నచ్చిన డబ్బాలో చీటీ వేస్తే సరి.

తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసిన ఆ సభలో స్థానాలు 175. కాంగ్రెసుకు 93, పి.డి.ఎఫ్.కు 42, సోషలిస్టులకు 11, రైతు కూలీ పార్టీకి 10, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషనుకు 5, ఇండిపెండెంట్లకు 14 వచ్చాయి. కాంగ్రెసుకు పడ్డవి నూటికి సుమారు 42 ఓట్లే, అయినా సగానికి మించి స్థానాలు దక్కాయి. ఎదుటి ఓట్లు చీలిపోవడమే కారణం. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం వుండటంతో ఆ పార్టీవారు పి.డి.ఎఫ్. పేరున పోటీ చేశారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు.

మరి మనవారి సంగతి? షాలిబండ నుంచి కాంగ్రెసు తరపున మాసూమా బేగం గెలిచారు. ఆమె 1960లో ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి కూడా అయ్యారు. లోక్‌సభకు హైదరాబాదు నగరం నుంచి అహ్మద్ మొహియుద్దీన్ ఎన్నికయ్యారు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ నగరంలో ఓడిపోయారు, కాని అదే ఏడు హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచారు. హుజూర్‌నగర్ అంటే అప్పటి నల్లగొండ జిల్లా పల్లెసీమ. అక్కడి తెలుగు రైతులు, కూలీలు ఆయన మతం చూడలేదు, తమ కోసం చేసిన పని చూశారు. వేరు జాబితా లేకపోతే మన గతేమిటని భయపడ్డవారికి ఇది మంచి జవాబు కాదా?

ఆ శాసనసభ 1956 నవంబరు 1న రాష్ట్రంతో పాటే ముగిసింది. పాఠం మాత్రం మిగిలింది. ఆ తొలి ఎన్నికల్లో దేశంలో, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలకు ఎక్కలేదు. కారణం, పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించడమే! పేరు లేనివారికి ఓటు లేదు, ఓటు లేనివారి మాటకు విలువ లేదు. కనుక మా విన్నపం ఒక్కటే. 18 ఏళ్ళు నిండిన మీ అబ్బాయిల పేర్లే కాదు, అమ్మాయిల పేర్లు, ఇంట్లో పెద్దమ్మల పేర్లు కూడా జాబితాలో వున్నవో లేవో వెళ్ళి చూడండి. లేకుంటే రాయించండి. ఇన్షా అల్లాహ్, మన మాట మనమే చెప్పుకోగలుగుతాము.