డెన్వర్ యూనియన్ స్టేషన్‌కు మళ్లీ జనం వచ్చిన కథ

1953లో అమెరికాలోని డెన్వర్ యూనియన్ స్టేషన్ నెత్తిన నియాన్ దీపాల అక్షరాలు వెలిగాయి: 'రైల్లో ప్రయాణించండి'. అలా పిలవాల్సిన రోజులే అవి. అమెరికా జనం కార్లకూ విమానాలకూ మళ్లుతున్నారు. 1958 నాటికి ఊళ్లోని స్టేప్లటన్ విమానాశ్రయం ప్రయాణికుల సంఖ్యలో స్టేషన్‌ను దాటేసింది. 1881లో కట్టి, 1894లో తగలబడి, 1914లో మధ్యభాగంలో ఎత్తైన హాలుతో కొత్త రూపు దిద్దుకున్న ఆ రాతి భవనం క్రమంగా బోసిపోయింది. చివరికి ఏడాది పొడవునా రోజూ ఆగేది కాలిఫోర్నియా జెఫిర్ రైలు ఒక్కటే.

పాత కట్టడాన్ని కాపాడాలంటే చాలామందికి ముందు తోచేది సున్నం, రంగులు. డెన్వర్ ముందుగా రైళ్లూ బస్సుల సంగతి చూసుకుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ప్రాంతీయ రవాణా సంస్థ ఆర్‌టీడీ 2001లో స్టేషన్‌ను కొన్నది. 2004లో ఓటర్లు తమ మీద తామే అమ్మకం పన్ను పెంచుకున్నారు. 10 డాలర్ల కొనుగోలుకు అదనంగా 4 సెంట్లు. ఆ డబ్బుతో చుట్టుపక్కల ఊళ్లకు రైలు మార్గాలు వేయాలి, అవన్నీ ఈ స్టేషన్ దగ్గర కలవాలి.

స్థలం ఇరుకు కనుక బస్టాండును భూమి కిందికి దింపారు. అందులో 22 బస్సులు ఆగే చోట్లున్నాయి. ఒక చివర లైట్ రైలు, మరో చివర పాత భవనం వెనక తెల్లటి గుడ్డ పందిరి కింద పెద్ద రైళ్లు. ఎండావానా తగలకుండా బస్టాండు గుండా నడిచి ఒకదాన్నుంచి మరోదానికి మారవచ్చు. కేంద్ర ప్రభుత్వం నుంచి దాదాపు 30 కోట్ల డాలర్ల అప్పు తెచ్చి, చుట్టూ లేవబోయే కొత్త భవనాల ఆస్తిపన్నును ఆ అప్పు తీర్చడానికి కేటాయించారు.

2014 మేలో బస్టాండు, జూలైలో భవనం తెరుచుకున్నాయి. పై అంతస్తుల్లో 112 గదుల హోటల్ వచ్చింది. నగరంలోని పాత కట్టడాల కోసం 1960ల నుంచీ పాటుపడిన డానా క్రాఫోర్డ్ పేరే దానికి పెట్టారు. కింది హాలును మాత్రం టికెట్ ఉన్నా లేకున్నా ఎవరైనా వచ్చి కూర్చునేలా తెరిచారు. 2016 ఏప్రిల్ 22న విమానాశ్రయం రైలు మొదలైంది. 37 నిమిషాల ప్రయాణం.

మాట ఇచ్చిన మార్గాలన్నీ మాత్రం పూర్తికాలేదు. బౌల్డర్, లాంగ్‌మాంట్ వైపు వెళ్లాల్సిన రైలు వెస్ట్‌మిన్‌స్టర్ దగ్గరే ఆగిపోయింది. లాంగ్‌మాంట్ వాసులు 2005 నుంచీ అదే పన్ను కడుతున్నారు. వాళ్ల ఊరికి రైలు వెళ్లేదాకా ఈ పని పూర్తయినట్టు కాదు.